సైరనంత పొడుగు ఉయ్యాలో

గోదావరిఖని చౌరస్తా దగ్గర నాకొక దుకాణం ఉండేది. ఇద్దరు గిరాకీలు ఒకేసారి లోపలికి వస్తే నేను లేచి బయట నిలబడాలి, అంత దుకాణం. బోర్డు మీద మొబైల్ రీఛార్జి అని రాయించాను గానీ అది చదివి వచ్చినవాళ్లు తక్కువ. అందరూ పాటల కోసమే వచ్చేవారు. మొదటి షిఫ్టు దిగినవాళ్లు కళ్ల కింద బొగ్గు మసి ఇంకా పోకముందే ఫోన్‌లోంచి మెమరీ కార్డు ఊడదీసి నా చేతిలో పెట్టి, నిండా ఎక్కించమని చెప్పి ఎదురుగా ఉన్న హోటల్‌కు చాయ్ తాగడానికి పోయేవారు. ఏ పాటలు కావాలని అడిగే అలవాటు నాకు లేదు. మనిషి నడిచొచ్చే తీరు చూసి ఎక్కించేదాన్ని, వాళ్లూ మారుమాట్లాడకుండా తీసుకుపోయేవారు.

మొదట్లో కొత్తవాళ్లు లోపలికి తొంగిచూసి "అన్న లేడా?" అని అడిగేవారు. కంప్యూటర్ ముందు ఆడమనిషి కూర్చుంటే ఆ కంప్యూటర్ ఆమెది కాదని వాళ్ల లెక్క. అన్న డ్యూటీకి పోయిండు, వచ్చేదాకా నిలబడు అనేదాన్ని. నాకసలు అన్నే లేడు. కాసేపు ఎండలో నిలబడ్డాక వాళ్లకే అర్థమై కార్డు ఇచ్చేవారు. రామగుండం ఎండ ఎవరికైనా తొందరగానే బుద్ధి నేర్పుతుంది.

ఎక్కించడం ఒక్కటే అయితే నాకు ఎప్పుడో విసుగొచ్చేది. నాకు ఇష్టమైన పని కలపడం. ఒకచోటి నుంచి డప్పు, ఇంకోచోటి నుంచి గొంతు, స్టేషన్‌లో రైలు చప్పుడు, పక్కింటి మేక అరుపు, ఏది దొరికితే అది కోసి అతికించేదాన్ని. కంప్యూటర్ కోర్సులో నాకు నేర్పింది ఆఫీసు పని. నేను సొంతంగా నేర్చుకుంది ఈ కోత పని. పెళ్లి బరాతుల్లో, వినాయకుడి ఊరేగింపుల్లో నా మిక్సులే మోగేవి. వాటి మీద పేరు వేసుకోలేదు. వేసుకుంటే పక్క దుకాణం అతను దాన్ని తీసేసి తన పేరు వేసుకుంటాడు, నేను పోయి వాడితో కొట్లాడాలి. అంత తీరిక ఎవరికుంది?

ఈ పిచ్చి నాకు మా అవ్వ నుంచి వచ్చింది. మా వైపు అమ్మను అవ్వ, నాన్నను బాపు అంటాం. గని క్వార్టర్లలో మాది చివరి వీధి, ఆ వీధిలో బతుకమ్మ పాట ఎత్తే మనిషి మా అవ్వ. మా వీధి పాటకు ఒక కట్టుబాటు ఉండేది. పాట ఎత్తినామె దాన్ని పక్కామెకు అందించే ముందు తనదంటూ ఒక కొత్త మాట కలపాలి. పోయినేడు పాడినట్టే ఈ ఏడూ పాడితే ఊరుకోరు. పాచి పాట అని చప్పట్లు ఆపేసి నిలబడతారు. అందుకే పాట ఏటేటా పెరిగేది. నల్లా నీళ్లు రాని ఏడు నల్లా మీద, సమ్మె జరిగిన ఏడు సమ్మె మీద, కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు కూరలో ఉప్పు ఎక్కువేస్తే ఆ ఉప్పు మీద కట్టేవారు. ఎవరి మీద కట్టారో అందరికీ తెలిసేది. కట్టిందెవరో మాత్రం ఏడాది తిరిగేసరికి మర్చిపోయేవారు.

మా బాపు దసరా బోనసుతో టేప్ రికార్డర్ తెచ్చిన ఏడు, అవ్వ పాటను నేను రికార్డు చేశాను. క్వార్టర్ ముందు వేపచెట్టు నీడలో కూర్చుని, బతుకమ్మకు తెచ్చిన తంగేడు పూల కట్టలు విప్పుతూ పాడుతోంది. ఆ ఏడు ఆమె కలిపిన మాట మా బాపు మీదే.

"రెండో షిఫ్టు మొగనికి ఉయ్యాలో
సద్ది గట్టి పెడితినే ఉయ్యాలో
సద్ది ఇంట్ల మరిచిండు ఉయ్యాలో
సైరనొచ్చి లేపింది ఉయ్యాలో"

అక్కడికి వచ్చేసరికి నిజంగానే రెండో షిఫ్టు సైరన్ మోగింది. పాట మధ్యలో సైరన్ వస్తే మా ఆడవాళ్లు ఆగడం మామూలే. దాని మీద ఎవరి గొంతూ వినపడదు. ఆ రోజు మాత్రం మా అవ్వ ఆగలేదు. ఆ చివరి ఉయ్యాలోను పట్టుకుని లాగింది. మధ్యలో ఊపిరి పీల్చుకుంది గానీ వదల్లేదు. సైరన్ దిగిపోయేదాకా దానితో పాటు గొంతును కూడా దింపుకుంటూ వచ్చి, నవ్వేసి, తర్వాతి మాట అందుకుంది. టేపులో ఆ నవ్వు కూడా ఉంది. సద్దుల నాడు, అంటే బతుకమ్మ చివరి రోజు, మైదానంలో ఆడవాళ్లందరూ అక్కడ అలాగే లాగారు. ఇక అప్పటి నుంచి సైరన్ ఉన్నా లేకున్నా ఆ చోట సైరనంత పొడుగు ఉయ్యాలో అనడం మా పాటలో నిలిచిపోయింది. బాపు ఆ ఏటి బతుకమ్మ తొమ్మిది రోజులూ తల దించుకుని డ్యూటీకి పోయాడు. దారిలో ఎవరు ఎదురైనా సద్ది తెచ్చుకున్నావా అని అడిగేవారట.

ఆ టేపును అడిగిన వాళ్లందరికీ కాపీ చేసి ఇచ్చాను. ఖాళీ క్యాసెట్టు తెచ్చుకుంటే చాలు. వాళ్లు ఇంకొకరికి ఇచ్చుకున్నారు. బదిలీ మీద బెల్లంపల్లి పోయినవాళ్లు తీసుకుపోయారు, కాసిపేటకు కోడళ్లుగా పోయిన ఆడపిల్లలు తీసుకుపోయారు. ఎవరెవరి దగ్గరుందో నాకు లెక్క లేదు.

కొన్నేళ్లకు అవ్వ గొంతులో గడ్డ లేచింది. దవాఖానలో ఆపరేషన్ చేసి తీశారు. మనిషి దక్కింది, గొంతు దక్కలేదు. గుసగుసలాడినట్టు మాట వస్తుంది, అంతే. దాని గురించి ఆమె ఎప్పుడూ ఏడవలేదు. నేనే ఏడ్చాను. సద్దుల నాడు పాట ఎత్తాల్సిన చోట ఆమె చప్పట్లు కొడుతూ పెదవులు కదిలిస్తుంటే చూడలేక, నీళ్ల వంకతో పక్కకు పోయాను. ఇంటికొచ్చి పాత టేపు తీశాను. రేకుల కప్పు కింది వేడికి అది మెలికలు తిరిగి ఉంది. ఎలాగో ఒక్కసారి తిప్పి కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నాను. ఆ ఒక్కసారితో టేపు తెగిపోయింది. మా అవ్వ గొంతు ఇక నా కంప్యూటర్‌లో మాత్రమే ఉందనుకున్నాను.

ఆ గొంతు కింద డప్పు వేశాను, పాట నడక పెంచాను. గనికాడికి పోయి అసలు సైరన్‌ను ఫోన్‌లో రికార్డు చేసుకొచ్చి, పాత సైరన్‌కు తోడుగా పెట్టాను. అంతా అయ్యాక భయం పట్టుకుంది. అవ్వ పాటను చెడగొట్టానేమోనని. దుకాణానికి తీసుకొచ్చి కూర్చోబెట్టి వినిపించాను. కళ్లు మూసుకుని మొత్తం వింది.

"గీ డప్పు నీదా?" అని అడిగింది.

నాదేనన్నాను.

"అయితే గిది నువ్వు కలిపిన మాట. పాచి పాట కాదు, మంచిగుంది."

జీవితంలో నాకు చాలామంది చాలా సర్టిఫికెట్లు ఇచ్చారు. ఏ ఒక్కటీ దీనికి సాటి రాలేదు. ఆ రోజే ఆ మిక్సును అడిగిన ప్రతి కార్డులోకీ ఎక్కించడం మొదలుపెట్టాను. అడగని కార్డుల్లోకీ ఎక్కించాను. బ్లూటూత్‌లో ఫోన్ నుంచి ఫోన్‌కు పాకి పోయింది. ఆటోల్లో, పాన్ డబ్బాల్లో, రైలు బోగీల్లో మా అవ్వ మోగింది. గొంతు పోయాకే ఆమె గొంతు ఎక్కువ దూరం పోయింది.

మరుసటి ఏడు ఎంగిలిపూల నాడు, అంటే బతుకమ్మ మొదలయ్యే రోజు, తెల్ల చొక్కా ఆయన ఒకరు ఒక పోలీసును వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చాడు. పట్నంలోని ఒక ఆడియో కంపెనీ ఏజెంటునని చెప్పుకున్నాడు. రామగుండం స్టేషన్ బయట ఆటోలో తమ పాట మోగుతుంటే విన్నానని, ఆటో అతన్ని అడిగితే నా దుకాణం చూపించాడని అన్నాడు. సంచిలోంచి ఒక సీడీ తీసి చూపించాడు. అట్ట మీద పట్టుచీరలు కట్టిన అమ్మాయిలు, కింద సర్వహక్కులూ మావేనని అక్షరాలు. వెనక తిప్పితే పాటల వరుసలో మా పాట ఉంది. ఆ సీడీ నేను అంతకుముందు చూడలేదు. పట్నంలో ఎన్ని అమ్ముకున్నారో గానీ మా చౌరస్తా దాకా అది రాలేదు.

పాడింది మా అవ్వ అని చెప్పాను. ఎవరు పాడినా పాట రిజిస్టర్ చేసుకున్నది తామేనని ఆయన చెప్పాడు. కోపంగా కూడా చెప్పలేదు, ఏదో బస్సు టైము చెప్పినట్టు చెప్పాడు. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని, అదీ కుదరలేదు. పోలీసు నా కంప్యూటర్ డబ్బా వైర్లు పీకి చంకలో పెట్టుకున్నాడు. ఏజెంటు టైపు చేసిన ఒక కాగితం నా ముందు పెట్టాడు. తప్పు చేశానని, ఆ పాటను ఇకమీదట కాపీ చెయ్యనని, సౌండు బాక్సుల్లో మోగించనని, మోగనివ్వనని. సంతకం పెడితే డబ్బా తిరిగి ఇస్తారు, లేకపోతే కేసు.

"మా వీధి ఆడోళ్లు పాడుకుంటే?" అని అడిగాను.

"పాడుకోండమ్మా, ఎవరొద్దన్నారు. రికార్డు మాత్రం చెయ్యకూడదు, రికార్డు పెట్టకూడదు."

పాడుకోవడానికి మా అవ్వకు గొంతు లేదని ఆయనకు తెలియదు. చెప్పాలని కూడా అనిపించలేదు. కాగితం తీసుకుని దుకాణం మూసేసి ఇంటికి నడిచాను. దారంతా నన్ను నేనే తిట్టుకుంటూ పోయాను. ఇన్ని వందల కార్డులు నింపిన దాన్ని, డప్పు కలపని మా అవ్వ అసలు గొంతును ఇంకోచోట దాచిపెట్టుకోవాలన్న తెలివి నాకు ఎందుకు లేకపోయిందని.

అవ్వ గునుగు పూలకు రంగు అద్దుతోంది. జరిగింది చెప్పాను. సంతకం పెట్టేస్తానని కూడా చెప్పాను. డబ్బా ఇంటికి వస్తే చాలు, బాక్సుల్లో మోగకపోతే మోగకపాయె, ఇంట్లో మనం వినుకుందామన్నాను. అప్పటికి నాకు అంతకంటే ఏమీ తోచలేదు. ఆ గొంతు నాకు కావాలి. దానికోసం ఎవరికైనా దండం పెట్టేదాన్ని.

అవ్వ చేతులకున్న రంగు చూసుకుంటూ, "సద్దుల నాడు అందరు మైదానంల ఉంటే, నేను ఇంట్ల తలుపేసుకొని ఒక్కదాన్నే నా పాట వినాల్నా?" అంది.

మా క్వార్టర్లకు మధ్య ఉన్నది ఒకే గోడ. పక్కింట్లో చెంచా కింద పడ్డా వినపడుతుంది. పక్కింటి వదిన ఇదంతా విని, పిలవకుండానే వచ్చింది. చేతిలో ఒక క్యాసెట్టు ఉంది. నేను ఎప్పుడో కాపీ చేసి ఇచ్చిందే. నా ప్రాణం లేచొచ్చింది. పెట్టి చూస్తే సగం పాట బాగానే ఉంది. సరిగ్గా సద్ది మరిచిన చోటికి వచ్చేసరికి ఆమె భర్త దాని మీద క్రికెట్ కామెంటరీ రికార్డు చేసి పెట్టాడు. వదిన ఆ సాయంత్రం ఆయన్ను ఏమందో గోడకు ఇవతల ఉన్న మాకు మొత్తం వినపడింది.

అయితే ఆమె అక్కడితో ఊరుకోలేదు. తెలిసిన ప్రతి ఇంటికీ ఫోన్ చేసి, ఆ పాత క్యాసెట్టు ఎవరి దగ్గరున్నా తెమ్మని చెప్పింది. ఇక చూడాలి. రోజూ సాయంత్రం బతుకమ్మ ఆడి వచ్చేసరికి మా గుమ్మం ముందు ఎవరో ఒకరు. మెమరీ కార్డులో నా మిక్సు తెచ్చినవాళ్లు, రింగ్‌టోన్‌గా ఒక్క ముక్కే కోసుకున్నవాళ్లు, పాటకు ముందు తమ బిడ్డ ఏడుపును రికార్డు చేసుకున్నవాళ్లు. కాసిపేట నుంచి ఒకామె తెచ్చిన క్యాసెట్టులో మా పాట తర్వాత వాళ్ల వీధి ఆడవాళ్లు పాడిన పాట ఉంది. అది మా పాటే, కానీ బాపు సద్ది బదులు వాళ్ల బావగారి సైకిల్ ఉంది. అవ్వ దాన్ని మూడుసార్లు తిప్పించుకుని విని, సైకిల్ మాట మన సద్ది మాట కంటే బాగుందని ఒప్పుకుంది. బాపు కూడా అదే అన్నాడు. ఆయన కారణాలు ఆయనకున్నాయి.

చివరకు బెల్లంపల్లి నుంచి బాపుతో పాటు పనిచేసి రిటైరైన కాక ఒకరు ప్యాసింజర్ రైలెక్కి వచ్చాడు. టవల్‌లో చుట్టి ఉన్న క్యాసెట్టు తీసి, దీని మీద ఎవరినీ ఏమీ రికార్డు చేయనివ్వలేదని చెప్పాడు. పాత టేప్ రికార్డర్‌లో వేశాం. మొదట బరబరమన్న చప్పుడు, తర్వాత తంగేడు కట్టలు విప్పుతున్న అలికిడి, ఆ తర్వాత మా అవ్వ. డప్పు లేకుండా, ఏ కోతా లేకుండా, ఆ రోజు వేపచెట్టు కింద పాడినట్టే. సైరన్ వచ్చింది. దాని వెంట లాగిన ఉయ్యాలో వచ్చింది. నవ్వు కూడా వచ్చింది. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. నా డబ్బాలో మాత్రమే ఉందనుకున్న గొంతు, నేను పంచిపెట్టి మర్చిపోయిన చోట భద్రంగా ఉంది. దాచుకుని ఉంటే పోయేది. పంచినందుకు దక్కింది. అవ్వ మాత్రం ఏడవలేదు. సైరన్ కూడా మంచిగ పడ్డదే అని మెచ్చుకుంది.

ఏజెంటు ఇచ్చిన కాగితాన్ని వదిన పొయ్యి రాజేయడానికి తీసుకుపోయింది.

మర్నాడు మధ్యాహ్నం టేప్ రికార్డర్ పట్టుకుని ఠాణాకు పోయాం. నేను, అవ్వ, వదిన అనుకుని బయలుదేరితే, వీధి మలుపు తిరిగేసరికి మా వెనక ఆడవాళ్లు ఒక ఊరేగింపు అంతమంది ఉన్నారు. పండగ చీరలు కట్టుకునే వచ్చారు. ఎస్సై మా ప్రాంతం వాడే, మనిషి నిదానస్తుడు. ఏజెంటును కూడా పిలిపించాడు. ఆయన లాడ్జి నుంచి వచ్చి, ఇంతమందిని చూసి కాస్త తడబడ్డా, సీడీ బయటికి తీసి దర్జాగానే నిలబడ్డాడు. ముందు మా క్యాసెట్టు పెట్టమన్నాడు ఎస్సై. ఠాణా వరండాలో మా అవ్వ పాడింది. సైరన్ దగ్గర ఎస్సై అలవాటు కొద్దీ చేతి గడియారం చూసుకున్నాడు.

తర్వాత ఏజెంటు సీడీ పెట్టారు. స్టూడియోలో పాడిన లేత గొంతు, తీయగానే ఉంది. రెండో షిఫ్టు మొగడు వచ్చాడు, సద్ది కట్టింది, సద్ది మరిచాడు. మా బాపు పట్నం దాకా పోయాడని వరండాలో గుసగుసలు మొదలయ్యాయి. అప్పుడు వచ్చింది ఆ చోటు. ఆ అమ్మాయి ఉయ్యాలోను లాగింది. మా అవ్వ ఎంత లాగిందో అంతే లాగింది. వెనక సైరన్ లేదు. సైరన్ ఉండాల్సిన చోట కీబోర్డు మీద ఏదో సన్నాయి లాంటిది పైకి లేచి, సైరన్ ఎక్కడ నిలబడుతుందో అక్కడే నిలబడి, ఎలా దిగుతుందో అలాగే దిగింది.

 అది వినగానే ఠాణాలో లేచిన నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆడవాళ్లు ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వారు. పోలీసు గోడ వైపు తిరిగి నవ్వాడు. ఏజెంటుకు మాత్రం ఏమీ అర్థం కాలేదు. ఏమైందండీ, అది ఆలాపన అన్నాడు.

"సార్, గది ఆలాపన కాదు. రెండో షిఫ్టు సైరన్," అంది వదిన.

ఎస్సై నవ్వు ఆపుకుని, "మీ స్టూడియో పక్కన బొగ్గు బాయి ఉన్నదా?" అని ఏజెంటును అడిగాడు.

ఏజెంటు సీడీని సంచిలో పెట్టేసుకున్నాడు. బయటికి పోయి ఎవరితోనో ఫోన్‌లో చాలాసేపు మాట్లాడాడు. ఎవరి క్యాసెట్టు ఏ చేతులు మారి పట్నం చేరిందో ఆయనకూ తెలియదు, మాకూ తెలియదు. తిరిగొచ్చి మా అవ్వ ముందు కూర్చుని, గొంతు తగ్గించి, కంపెనీ వాళ్లు పాటను అమ్మ పేరు మీదే రాస్తామంటున్నారని, అమ్మ సంతకం పెడితే హక్కులు కొనుక్కుంటారని, ఇక ఇంకెవరూ వాడుకోకుండా తామే చూసుకుంటారని చెప్పాడు. నిజం చెప్పాలంటే నా మనసు ఒక్క నిమిషం అటు లాగింది. సీడీ అట్ట మీద మా అవ్వ పేరు కనపడింది నాకు.

అవ్వ మాట్లాడితే వినపడాలని అందరూ నోళ్లు మూసుకున్నారు.

"నాదని సంతకం పెడితే, రేపు కాసిపేటల ఎవరన్న పాట పెట్టుకుంటే నువ్వు పోయి వాళ్ల డబ్బ గుంజుకొస్తవ్. నా పేరు చెప్పి గుంజుకొస్తవ్. గది నాకొద్దు కొడుకా. మా అత్త నాకిచ్చినప్పుడు తాళమేసి ఇయ్యలే."

ఆయన తల ఊపాడు. పాటను తీసుకోవడం తప్పయిందని ఏదో అనబోయాడు. అవ్వ చెయ్యెత్తి ఆపింది.

"తీసుకపోతే తప్పేమున్నది? అందరు తీసుకపోయిండ్రు. నువ్వు సైరన్ గూడ ఇడ్సిపెట్టకుంట తీసుకపోయినవ్. కానీ నీదంటు ఒక్క మాట కలుపలే. ఉన్నదున్నట్టు పాడి నాదన్నవ్. మా వీధిల గట్ల పాడితే పాచి పాటంటరు."

ఠాణాలో కూర్చుని మా అవ్వ ఆయన మీద మోపిన నేరం అదీ. కాపీ చేసినందుకు కాదు, కలపనందుకు. దానికి శిక్ష కూడా ఆమే వేసింది. సద్దుల నాడు మైదానానికి వచ్చి ఒక మాట కలిపి పోవాలి. ఎస్సై అది రాసుకోలేదు గానీ, ఫిర్యాదు వాపసు తీసుకుని డబ్బాను సద్దుల నాడు ఆయన్నే స్వయంగా తెచ్చి అప్పగించమన్నాడు.

వస్తాడని నేను అనుకోలేదు. సద్దుల నాడు పొద్దు వాలుతుండగా ఆటోలో వచ్చాడు. ఒళ్లో నా కంప్యూటర్ డబ్బా, చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. దాన్ని నాకు అప్పగించి అటునుంచి అటే పోవాలనుకున్నట్టున్నాడు. వదిన ఆటోకు అడ్డంగా నిలబడింది. బతుకమ్మ చుట్టూ మగవాళ్లు ఆడరు కాబట్టి, ఆడవాళ్ల వరుసకు బయట నిలబెట్టి మైకు ఆయన చేతికిచ్చారు. బాక్సుల్లో మా అవ్వ మోగుతోంది, కింద నా డప్పు మోగుతోంది. సైరన్ వచ్చింది, మైదానం మొత్తం సైరనంత పొడుగు లాగింది. అది దిగగానే అందరూ ఆయన వైపు తిరిగారు. చెమటలు కారుతున్నాయి పాపం. గొంతు సవరించుకున్నాడు.

"పట్నం నుంచి వస్తినమ్మ ఉయ్యాలో
పాట నాదే అంటినమ్మ ఉయ్యాలో"

బాగుందా అంటే బాగుంది. తాళం తప్పకుండా ఉయ్యాలోకు సరిగ్గా వచ్చి పడ్డాడు. చప్పట్లు ఆగలేదు, అంటే ఒప్పుకున్నట్టే. అక్కడితో ఆయన తెలివి అయిపోయింది, తర్వాతి మాట దొరకలేదు. అందరూ మా అవ్వ వైపు చూశారు. అవ్వ నా చెవి దగ్గరకు వంగి గుసగుసగా చెప్పింది. చెప్పి నన్ను ముందుకు తోసింది. టేపు నొక్కడం తప్ప నేను ఏనాడూ నలుగురిలో పాడినదాన్ని కాదు. ఆ రోజు పాడాను.

"అడిగితే ఇయ్యమా ఉయ్యాలో
అన్నం బెట్టి పంపమా ఉయ్యాలో"

మైదానం దాన్ని అందుకుంది. ఏజెంటు ఆ సాయంత్రం మా ఇంట్లో పండగకు వండిన సద్దుల అన్నాలు తిని, సత్తుపిండి ముద్దలు మూట కట్టించుకుని రైలెక్కాడు.

తర్వాత కొన్నేళ్లకు రాష్ట్రం వచ్చింది. ఆ రోజు మా చౌరస్తాలో కాలు పెట్టే సందు లేదు. గులాల్‌తో అందరి మొహాలూ ఒక్కలాగే ఉన్నాయి. నేను, అవ్వ దుకాణం మెట్టు మీద నిలబడి చూస్తున్నాం. ఎక్కడి నుంచో వచ్చిన డీసీఎం వ్యాను, దాని మీద మనిషెత్తు బాక్సులు, ముందు ఆడుతున్న అమ్మాయిలు. మా వైపు వాళ్లు కాదు, ఒక్క మొహమూ నాకు తెలియదు. బాక్సుల్లో మా పాట. కింద నా డప్పు లేదు. దాన్ని ఎవరో తీసేసి తమ డప్పు వేశారు. నాదానికంటే జోరుగా ఉంది. గొంతు మాత్రం మా అవ్వదే. కాసిపేట వాళ్ల సైకిల్ వచ్చింది, నేనెన్నడూ వినని మాటలు ఎన్నో వచ్చాయి. పట్నం నుంచి వచ్చి పాట నాదే అన్నాయన వచ్చాడు. అడిగితే ఇయ్యమా అని ఆ అమ్మాయిలు చేతులు ఊపుతూ పాడారు. ఆయన ఎవరో వాళ్లకు తెలియదు. ఆ మాట ఎవరు కట్టారో కూడా తెలియదు.

నీ డప్పు ఏదే అని అవ్వ అడిగింది. తీసేసిండ్రు అన్నాను. మంచిగైంది అని నవ్వింది.

సైరన్ చోటు వచ్చింది. ఆ సైరన్ మోగే గని అప్పటికే మూతపడింది. ఆడుతున్న అమ్మాయిల్లో దాన్ని విన్నవాళ్లు ఉన్నారో లేదో. అయినా చౌరస్తా చౌరస్తా అంతా ఉయ్యాలోను అందుకుని, ఆ సైరన్ ఎంతసేపు మోగేదో అంతసేపూ లాగింది. గొంతు లేని మా అవ్వ తల పైకెత్తి, నోరు నిండా తెరిచి, వాళ్లందరి గొంతుతో లాగింది. మేమే గెలిచామని నాకు ఆ రోజు తెలిసింది. 

వ్యాను మా ముందుకు రాగానే డ్రైవర్‌ను కేకేసి, ఈ మిక్సు ఎవరు చేశారని అడిగాను.

"తెల్వదక్క. ఎవలో బ్లూటూత్‌ల పంపిండ్రు. నీకు కావాల్నా?"

కావాలన్నాను. ఫోన్ తీసి అతని చేతికిచ్చాను.